నీళ్ల నడుమ గట్టు.. విస్తట్లో బొచ్చె!

దీవికి వెళ్లి చేపలు తిని రావడానికి విమానం ఎక్కక్కర్లేదు. గోపన్‌పల్లిలో చీకటితో బయలుదేరితే మళ్లీ చీకటి పడ్డాక ఇల్లు చేరొచ్చు. మధ్యలో ఒక నది, ఒక డ్యాం, మునిగిపోయిన ఒక రాజధాని, సముద్రాన్ని వదిలొచ్చిన ఒక ఊరు.

మా గోపన్‌పల్లిలో సోమవారం నుంచి శుక్రవారం దాకా బ్రేకు మీద పెట్టిన కాలు తీయం. 2024లో తండా దగ్గర ఫ్లైఓవర్ తెరిచాక కాస్త ఊపిరాడింది గానీ, విప్రో వైపు మలుపు తిరిగేసరికి ఆ ఊపిరి మళ్లీ బిగుసుకుంటుంది. అట్లా ఆగిన కార్లలో జనం ఫోన్లో మాల్దీవుల ఫొటోలు చూస్తుంటారు. నీలం నీళ్లు, తెల్ల ఇసుక, పళ్లెంలో అడ్డంగా పడుకున్న ఎర్రటి చేప. నేనూ చూశాను. టికెట్ల ధర కూడా చూసి ఫోన్ జేబులో పెట్టుకున్నాను.

మా పై ఫ్లాటులో కాకినాడ ఆయన ఒకరుంటారు. లిఫ్టులో ఈ ముచ్చట తెస్తే పకపకా నవ్వేశారు. "ఇక్కడ దీవేంటండీ బాబూ! దీవంటే మా హోప్ ఐలాండండి. సముద్రంలో ఉంటుంది." ఆయన అన్నదాంట్లో తప్పేం లేదు. గోదావరి తెచ్చి పోసిన మట్టీ ఇసుకా రెండొందల ఏళ్లలో పేరుకుని కాకినాడ రేవు ముందు అడ్డుగోడలా తయారైంది. తుఫాను వస్తే ముందు దెబ్బ అదే కాస్తుంది.

మరి మనకు? నగరంలో వెతికితే హుస్సేన్‌సాగర్ నడిమధ్య బుద్ధుడు నిలబడ్డ బండ ఒక్కటే. 1990 మార్చిలో తరలిస్తుండగా నీళ్లలో పడిపోయి, రెండేళ్ల పైచిలుకు అడుగున పడుకుని, 1992 డిసెంబర్ 1న లేచి నిలబడ్డ విగ్రహం అది. పడవలో పది నిమిషాలు. అక్కడ పిల్లలకు ఐస్‌క్రీం దొరుకుతుంది, చేప దొరకదు. దొరికినా హుస్సేన్‌సాగర్ చేప తినమని శత్రువుకు కూడా చెప్పను. ఇక అసలు సముద్రమంటారా, బాపట్ల పక్కన సూర్యలంకకే మూడొందల కిలోమీటర్ల పైమాట. ఒక్కరోజులో అయ్యే పని కాదు.

అందుకని నాగార్జునకొండ అనుకున్నాం. తిరుగుదారిలో వైజాగ్ కాలనీ. "సరే, మీ దీవేదో చూద్దాం పదండి" అని కాకినాడ ఆయన కూడా కారెక్కారు. మా ఆవిడ, పాప, అత్తమ్మ, నేను. దసరా వెళ్లిన తర్వాతి ఆదివారం, తెల్లారగట్ల ఐదింటికి.

బత్తాయి తోటల దారి

ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ దగ్గర ఔటర్ ఎక్కి, శంషాబాద్, తుక్కుగూడ దాటి బొంగ్లూరు దగ్గర దిగితే సాగర్ రోడ్డు. కుతుబ్‌షాహీ ఇబ్రహీం పేరు మోస్తున్న ఇబ్రహీంపట్నం చెరువు పక్కనుంచి పోతుంటే తూర్పు తెల్లబడింది. యాచారం, మాల్, చింతపల్లి. మాల్ దాటాక అపార్టుమెంట్ల బొమ్మలున్న హోర్డింగులు పలచబడి బత్తాయి తోటలు మొదలవుతాయి. రోడ్డు పక్క గంపల్లో సీతాఫలాలు. అత్తమ్మ కారాపించి, కన్ను విచ్చినవి ఏరి ఏరి ఒక గంప కొనింది. దిగేటప్పుడు ఆ గంప ఎవరి ఒళ్లో ఉందో చెప్పక్కర్లేదు కదా.

కొండమల్లేపల్లి దగ్గర దారి చీలుతుంది. కుడికి దేవరకొండ, నేరుగా సాగర్. కుడిచేతి దారిని సాయంత్రానికి దాచుకుని ముందుకే పోయాం. హిల్ కాలనీ, పైలాన్ దాటి కొత్త వంతెన మీదికొచ్చేసరికి ఎడమా కుడీ తెలియకుండా పాప అరిచింది. 26 గేట్ల డ్యాం, కొండకీ కొండకీ మధ్య కట్టిన రాతిగోడ. ఎత్తు 124 మీటర్లు. 1955 డిసెంబర్ 10న నెహ్రూ పునాదిరాయి వేశారు, 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ కాల్వలకు నీళ్లు వదిలారు. సిమెంటుతో పోత పోసింది కాదు, మనుషులు తట్టలు మోసి రాయి మీద రాయి పేర్చింది. వంతెనకు ఇవతల నల్లగొండ జిల్లా, అవతల పల్నాడు జిల్లా. రాష్ట్రం మారిందని ముందు ఫోనుకే తెలిసింది, 'స్వాగతం' అంటూ మెసేజ్ కొట్టింది.

విజయపురి సౌత్ రేవులో లాంచీ సిద్ధంగా ఉంది. దాని పేరు శాంతిశ్రీ. ఈ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ పని పడుతుంది.

ఊళ్ల మీంచి లాంచీ

లాంచీ ఒడ్డు వదిలిన పది నిమిషాలకు డ్యాం వెనక్కి పోయి, చుట్టూ నీళ్లూ కొండలే మిగిలాయి. లైఫ్‌జాకెట్ తాళ్లు బిగించుకుంటూ పాప గోడ మీది అంకె చదివింది. "నాన్నా, 590 అడుగుల లోతా?" లోతు కాదు తల్లీ, సముద్రమట్టం నుంచి కొలిచిన ఎత్తు. జలాశయం నిండితే నీళ్లు ఆ గీత దాకా వస్తాయి. కాకినాడ ఆయన ఊరుకుంటారా! "చూశారా, కొలవడానికైనా మా సముద్రమే కావాల్సొచ్చింది."

అత్తమ్మ మాత్రం నీళ్లలోకే చూస్తూ కూర్చుంది. ఆమెకు ఈ అంకెలేవీ పట్టవు.

"గీ నీళ్ల కింద ఊళ్లుండెనా?"

"ఉండెనత్తమ్మా. పుల్లారెడ్డిగూడెం అని, ఇంకా కొన్ని."

"మరి మనుషులెటువోయిన్రు?"

ఊళ్లు లేపి వేరేచోట కూర్చోబెట్టారన్నాను. ఆమె ఇంకేం అడగలేదు. లాంచీలో పాటలు పెట్టారు, కుర్రాళ్లు లేచి గంతులేశారు, ముప్పావు గంట అట్లా గడిచింది.

గోదావరి వాళ్లకు నదిలో నేల తేలితే అది లంక. నీళ్లు తెచ్చిన మట్టితో పెరిగేది. ఇటు కృష్ణ మీద, ఈ నల్లగొండ - పల్నాడు మధ్య, దీవి అనే మాటే జనం నోట రాదు. గట్టు అంటారు. గట్టంటే కొండ. నాగార్జునకొండా అంతే. అరవై ఏళ్ల కిందట అది లోయలో నిలబడ్డ మామూలు కొండ. పశువులు మేసేవి, కింద పొలాలు దున్నుకునేవారు. నీళ్లు పైకొచ్చాయి, కొండ నడుము దాకా మునిగింది, మిగిలిన తల దీవయింది. హోప్ ఐలాండ్‌ను నది కట్టింది. దీన్ని మనం చేశాం, ఒక లోయను ఇచ్చేసి.

ఇచ్చేసిన లోయ అల్లాటప్పాది కూడా కాదు. 1926లో సూరపరాజు వెంకటరామయ్య అనే స్థానిక ఉపాధ్యాయుడు ఇక్కడొక పాత స్తంభం ఉందని కబురు చేస్తే, మద్రాసు శాసన విభాగం నుంచి రంగస్వామి సరస్వతి వచ్చి చూశారు. తర్వాత లాంగ్‌హర్స్ట్ తవ్వాడు, టి.ఎన్. రామచంద్రన్ తవ్వారు. డ్యాం ఖాయమయ్యాక, 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో లోయంతా తవ్వారు. నీళ్లు వచ్చేలోపు పూర్తిచేయాలి. ఇంటికి బుల్డోజర్ వస్తోందని తెలిసినవాళ్లు సామాను సర్దుకున్నట్టే. బయటపడింది ఇక్ష్వాకుల రాజధాని విజయపురి. క్రీ.శ. మూడు, నాలుగో శతాబ్దాల నాటి నగరం. స్తూపాలు, విహారాలు, గుళ్లు, స్నానఘట్టాలు, మెట్లమెట్లుగా జనం కూర్చునే రంగస్థలం, రోమన్ బంగారు నాణేలు, సింహళ భిక్షువులకు వేరే విహారం. వందకు పైగా కట్టడాలు.

వాటిలో తొమ్మిదింటిని ఇటుక ఇటుకా విప్పి, పైకి తెచ్చి తిరిగి పేర్చారు. మరో పద్నాలుగింటికి నమూనాలు కట్టారు. మిగతావన్నీ నీళ్ల కిందే. ఈజిప్టులో ఆస్వాన్ డ్యాం కోసం అబూ సింబెల్ గుళ్లను 1964 - 68 మధ్య కోసి పైకెక్కించినప్పుడు ప్రపంచమంతా చప్పట్లు కొట్టింది. అంతకుముందే మనవాళ్లు పల్నాడు ఎండలో ఈ పని మొదలుపెట్టారు. చప్పట్లు కొట్టినవాళ్లు తక్కువ.

ఒక మాట చెప్పాలి. ఆచార్య నాగార్జునుడు ఇక్కడే ఉన్నాడని కొండకు ఆ పేరు. తర్వాతి కాలపు ఐతిహ్యం అది. ఇక్ష్వాకుల శాసనాలైతే దీన్ని శ్రీపర్వతం, విజయపురి అనే అంటాయి. గైడు వేరేగా చెప్తే వాదించకండి, లాంచీ వెళ్లిపోతుంది.

మేనత్త కట్టించిన స్తూపం

రేవులో దిగి మెట్లెక్కితే రెడ్డిరాజుల కాలపు కోటగోడ. లోపల చెట్ల నీడన పైకి తెచ్చిన కట్టడాలు అక్కడక్కడా ఉన్నాయి. మెట్ల కొలను ముందు నిలబడ్డాం. నాలుగు వైపులా దిగే రాతి మెట్లు, ఒక్కొక్కటీ అంచు చెక్కి సరిగ్గా కూర్చినవి. ఇక్ష్వాకు రాజు శాంతమూలుడు అశ్వమేధం చేశాక అవభృథ స్నానం చేసింది ఇందులోనే అంటారు. కొలనులో చుక్క నీళ్లు లేవు. చుట్టూ ఎటుచూసినా నీళ్లున్న దీవిలో, నీళ్ల కోసమే కట్టిన కొలను ఎండిపోయి ఉంది. పైకి తెచ్చినవాళ్లు రాళ్లు తేగలిగారు, ఊటను తేలేకపోయారు.

మ్యూజియంలో లేతాకుపచ్చ సున్నపురాయి మీది చెక్కడాలు చూడ్డానికి గంట చాలదు. అటు జాతక కథలు, మాంధాత ఆకాశానికెక్కే కథ, ఇటు నిలువెత్తుకు మించిన బుద్ధుడు. మా పాప ఒక స్తంభం ముందు ఆగిపోయింది. పొడుగు కోటు, కాళ్లకు బిగుతు దుస్తులు, చేతిలో ఈటె, శక సైనికుడు. "ఈయన మన ఊరాయన కాదు" అంది. కాదు మరి. గోపన్‌పల్లిలో ఇప్పుడున్న జనంలో సగం మంది ఆ ఊరివాళ్లు కానట్టే, విజయపురిలోనూ పరాయి దేశం వాళ్లు కొలువుచేసేవాళ్లు.

అత్తమ్మకు నచ్చింది మాత్రం శాసనం. మహాచైత్యాన్ని తిరిగి కట్టించిన ఆవిడ పేరు శాంతిశ్రీ. మన లాంచీ పేరే. శాంతమూలుడి తోబుట్టువు, వీరపురుషదత్తుడికి మేనత్త. ఆ వీరపురుషదత్తుడు మేనత్తల కూతుళ్లను చేసుకున్నాడు. శాంతిశ్రీ తర్వాతి శాసనంలో అతన్ని అల్లుడని చెప్పుకుంది. ఇది చదివి వినిపించగానే అత్తమ్మ మొహం వెలిగింది. "అంటే మేనరికమే! పదిహేడొందల ఏండ్ల కింద కూడా మనోళ్లు గంతే." ఆ వెంటనే నావైపు తిరిగి, "గుడి కట్టించేది అత్తలే బిడ్డా, అల్లుండ్లు కాదు" అంది. సీతాఫలాల గంప మోసినవాడికి దక్కిన మర్యాద ఇది. ఆ మహాచైత్యంలో లాంగ్‌హర్స్ట్‌కు బంగారు బరిణెలో చిన్న అస్థిక దొరికింది. అది ఇప్పుడు సారనాథ్‌లో, మూలగంధకుటి విహారంలో ఉంది.

వీటన్నిటికన్నా నేను ఎక్కువసేపు నిలబడింది లోయ నమూనా దగ్గర. మునగకముందు లోయ ఎట్లా ఉండేదో చిన్నదిగా చేసి పెట్టారు. మంచం పరిచినంత జాగాలో కృష్ణ, చుట్టూ కొండలు, స్తూపాల చుక్కలు. ఇప్పుడు మనం నిలబడ్డ చోటు బొటనవేలంత గుట్ట. మనం లాంచీలో వచ్చిన దారి ఎక్కడుందా అని వేలు పెట్టి వెతికాను. అది గాల్లో ఉంది, స్తూపాలకు చాలా పైన. వెనక్కి తిరిగేటప్పుడు కుర్రాళ్లు మళ్లీ పాట పెట్టారు గానీ, ఈసారి నేనూ అత్తమ్మలాగే నీళ్లలోకి చూస్తూ కూర్చున్నాను. హైదరాబాద్ కుళాయిల్లో వచ్చే కృష్ణ ఈ నీళ్లే. అక్కంపల్లి, కోదండాపురం మీదుగా పైపుల్లో మన వంటింటికొస్తాయి.

అనుపు కూడా చూడాల్సిందే. రంగస్థలాన్ని తిరిగి పేర్చింది అక్కడే. కానీ ఒంటిగంట దాటింది, కాకినాడ ఆయన గడియారం చూసుకోవడం మొదలుపెట్టారు.

సముద్రం వదిలొచ్చినవాళ్లు

సాగర్‌లోనే తినేయొచ్చు. వంతెన దగ్గర రోడ్డు పక్క పాకల్లో పెనాల మీద చేపలు ఎర్రగా వేగుతూనే ఉన్నాయి. వాసన కారులోకి వచ్చింది. ఆపలేదు. ఆపనందుకు ఇంట్లోవాళ్లు నన్ను గంటన్నర తిట్టారు. కొండమల్లేపల్లి దాకా వెనక్కొచ్చి, దేవరకొండ మీదుగా నేరేడుగొమ్ము మండలంలోకి దిగి, రోడ్డు సన్నబడి, మలుపు తిరిగితే కింద మళ్లీ అవే సాగర్ నీళ్లు. అవతల ఒడ్డున నల్లమల. ఇవతల ఒడ్డున పడవలు, ఎండేసిన వలలు, రేకుల ఇళ్లు. ఇదే వైజాగ్ కాలనీ.

నల్లగొండ జిల్లాలో వైజాగ్ ఏమిటంటే, డ్యాం కట్టాక విశాఖ వైపు మత్స్యకారులు ఇక్కడికొచ్చి స్థిరపడ్డారు. సముద్రం మీద వేటాడే చేతులవి. కొత్తగా పుట్టిన ఈ మంచినీళ్ల సముద్రంలో వల వేశారు. లోయ మునిగితే కొందరు ఊళ్లొదిలి వెళ్లారు, అదే మునక చూసి ఇంకొందరు ఊరు కట్టుకున్నారు. పొద్దున అత్తమ్మ అడిగిన ప్రశ్నకు ఇది సగం జవాబే. ఆ సగమన్నా చెబుదామని చూస్తే ఆమె అప్పటికే పడవ కుర్రాడితో మాటల్లో పడింది.

"మా తాతోళ్లు వచ్చీసినారండి. ఇక్కడ సేప బాగా పడతాదని ఎవులో సెప్పితే వచ్చీసినారు. నాను పుట్టింది ఇక్కడే. సముద్రమంటారా, పెళ్లిల్లకెల్లినప్పుడు రెండు మూడుసార్లు సూసినాను."

కాకినాడ ఆయన ఏదో అనబోయి ఆగిపోయారు.

పొద్దున ఫోన్ చేసి చెప్పాం కాబట్టి చేప మా కోసం ఆగింది. బొచ్చె, నాలుగు కిలోల పైన. మొప్ప ఎత్తి చూపించారు, మందారం రంగు. కన్ను ఉబ్బి మెరుస్తోంది. ఈ రెండూ చూడకుండా ఎక్కడా చేప కొనకండి. గచ్చిబౌలి సూపర్‌మార్కెట్ ఐసు మీద పడుకున్న దాని కన్ను ఎప్పుడైనా చూశారా, నిద్రలేని టెకీ కన్నులా ఉంటుంది. నదీ చేపకు ముళ్లెక్కువని పట్నం వాళ్ల భయం. భయం నిజమే గానీ చిన్న చేపకు. మూడు, నాలుగు కిలోలు దాటిన బొచ్చెలో ముల్లు లావై వేలికే తగులుతుంది, పిల్లలకు పెట్టొచ్చు. తెలంగాణలో రవ్వ అంటే గోదావరి జిల్లాల వాళ్ల శీలావతి, అదీ పడుతుంది. జెల్లలు, వాలుగ, జిలేబీ అనే తిలాపియా కూడా. అదృష్టం బాగుంటే నీలకంఠ రొయ్య. ప్రభుత్వం నీళ్లలో చేపపిల్లల్ని వదిలే పథకం 2016లో మొదలైంది, దాని ఫలితమూ వలలో కనిపిస్తుంది. కొర్రమీను కావాలని మాత్రం ఇక్కడ పట్టుపట్టకండి. మన రాష్ట్ర చేపే, రుచికి ఎదురులేదు. కానీ అది నాచు పట్టిన లోతు తక్కువ చెరువుల్లో ఇష్టంగా ఉంటుంది. డ్యాం ఒడ్డున అమ్మే కొర్రమీను చాలాసార్లు ఏ చెరువు నుంచో బండెక్కి వచ్చిందే.

ఆవిడ కత్తిపీట ముందు కూర్చుని పొలుసు గీకిన తీరు చూడాలి. తోక దగ్గర పట్టి తలవైపు నాలుగు గీతలు, అంతే. కల్లుప్పూ పసుపూ వేసి మూడు నీళ్లు కడిగి, నడుము ముక్కలు వేపుడుకు, తలా తోకా పులుసుకు వేరుచేసింది. ముక్కలకు కారం, అల్లంవెల్లుల్లి, ధనియాల పొడి పట్టించి పక్కన పెట్టి పులుసు చేతికి తీసుకుంది. కట్టెల పొయ్యి. వెడల్పాటి గిన్నె. చింతపండు పులుసు తెర్లేదాకా ముక్క వేయలేదు. వేశాక గరిటె ముట్టలేదు. గిన్నె అంచులు గుడ్డతో పట్టుకుని గుండ్రంగా రెండుసార్లు తిప్పి దించేసింది. "గరిటె పెడితే సేప ఇరిగిపోద్దమ్మా" అంది మా ఆవిడతో. మా ఆవిడ నావైపు చూసింది. మా ఇంట్లో గరిటె పెట్టేది నేను.

మూడున్నరకు విస్తట్లో అన్నం, పులుసు, మీద బొచ్చె తల. ఆ తలలో మెత్తటి కండ ఎక్కడుంటుందో తెలిసినవాడికే దక్కుతుంది, అడిగినవాడికి చెప్పరు. కాకినాడ ఆయన వంజరం, చందువ, పండుగప్పల మీద లెక్చర్ సిద్ధం చేసుకుని వచ్చారు. రెండోసారి అన్నం పెట్టించుకున్నాక ఆయన అన్నదిది: "సముద్రపు చేపకి ఉప్పు దాని ఒంట్లోనే ఉంటుందండి. దీనికి చెయ్యే ఉప్పు." దీన్ని పొగడ్త అనుకోవచ్చా అని ఇప్పటికీ నాకు అనుమానమే, కానీ తల ఆయనే తిన్నారు.

తిన్నాక పడవలో కాసేపు తిరిగాం. నీళ్లలోంచి తేలిన చిన్న చిన్న గుట్టలు, ఒక్కోదాని మీద నాలుగు చెట్లు, నాలుగు కొంగలు. ఇటువైపే ఏలేశ్వరం ఉండేది. ఆ ఊరూ దాని పాత గుళ్లూ మునిగాయి, గట్టు మీది శివుడు మిగిలాడు. శివరాత్రికి జనం పడవల్లో వెళ్లి మొక్కి వస్తారట. పొద్దు నల్లమల వెనక్కి దిగుతుంటే కుర్రాడు ఇంజన్ ఆపేశాడు. అత్తమ్మ చేయి నీళ్లలో ముంచి, ఆ తడిచేత్తోనే పాప తల నిమిరింది.

బయలుదేరే ముందు

లాంచీలు గాలినీ నీటిమట్టాన్నీ బట్టి నడుస్తాయి, ఒక్కోసారి ఆపేస్తారు. ముందురోజు కనుక్కునే కదలండి. శుక్రవారం మ్యూజియానికి సెలవు. ఎండాకాలం నీళ్లు తగ్గినప్పుడు కంటే వానలు వెనక్కిపోయాక, అక్టోబర్ నుంచి జనవరి దాకా బాగుంటుంది. వైజాగ్ కాలనీకి పొద్దున్నే ఫోన్ చేసి చెప్తేనే వేళకు వండిన చేప ఉంటుంది. అక్కడ లైఫ్‌జాకెట్ ఇవ్వకపోతే అడిగి వేసుకోండి, నీళ్లు ప్రశాంతంగా కనిపిస్తాయి గానీ కింద ఉన్నది లోయ. రెండూ ఒకేరోజు కుదరదనుకుంటే నాగార్జునకొండ ఒక ఆదివారం, వైజాగ్ కాలనీ ఇంకో ఆదివారం పెట్టుకోండి. నా ఓటు ముందు కొండకే. ఏం మునిగిందో చూశాక తింటే పులుసు రుచి వేరు.

ఇంటికి తెచ్చుకుందామని మేం రెండు రవ్వలు కొన్నాం. మీరు కొనేట్టయితే డిక్కీలో ఐసుపెట్టె ఒకటి వేసుకుని వెళ్లండి. మేం మర్చిపోయాం, కారులో వాసన ఇంకా పోలేదు.